ప్రభు బల్ల ట్రే నా దగ్గరికి రాగానే పక్కకు అందించేస్తున్నాను

హార్బరు గాలి | ఆదివారం, రాత్రి 10.42

అందరికీ వందనాలు. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గాని ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు మొదటి ఆదివారం, మా సంఘంలో బల్ల, అంటే యేసు మరణాన్ని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం. ట్రే వచ్చింది. నేను తీసుకోకుండా పక్కన ఉన్న అమ్మకు అందించాను. ఇలా మూడేళ్ళు కావస్తోంది. అమ్మ చూస్తూనే ఉంది, అడగదు.

మా నాన్న విశాఖ షిప్‌యార్డులో వెల్డరు. ముప్పై ఏళ్ళ ఇనుప చప్పుడు ఆయన రెండు చెవులనూ తినేసింది. రిటైరయ్యాక గుడిలో మొదటి బెంచీకి మారారు. కుడి చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని, పాస్టరు అయ్యగారి పెదవుల వైపే చూస్తూ కూర్చునేవారు. ఒక రోజు తనంతట తానే డాబాగార్డెన్స్ వెళ్ళి ఒక దుకాణంలో చెవులు పరీక్ష చేయించుకుని, వినికిడి మిషను ధర రాయించుకుని వచ్చారు. 23,500 రూపాయలు. "ఒక చెవికి చాలురా" అన్నారు. "ఈ నెల డబ్బు లేదు నాన్నా, వచ్చే నెల చూద్దాం" అన్నాను.

ఆ రోజు నా ఖాతాలో 61,000 ఉంది. బండి మార్చాలని దాచుకున్న డబ్బు. వచ్చే నెల బండి వచ్చింది. ఆ తరువాత నాలుగు నెలలకు నాన్న నిద్రలోనే పోయారు. గుండె. చెవికీ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. ఆయనను నేను చంపానని కాదు నా బాధ. ఆ నాలుగు నెలలూ ఆయన ఏ పాట పాడుతున్నారో తెలియక పక్కవారి పుస్తకంలోకి తొంగి చూసి, అందరికన్నా ఒక పాదం వెనకబడి గట్టిగా పాడేవారు. పిల్లలు నవ్వేవారు. ఒకసారి నేనూ నవ్వాను.

సంవత్సరికం అయ్యాక ఆయన బైబిలు తీస్తే, వెనక పటాల పేజీల మధ్య ఆ ధర చీటీ ఉంది. నాలుగు మడతలు పెట్టి.

అయోగ్యముగా తిని తాగేవాడు తనకు శిక్షావిధి కలుగుటకే తిని తాగుతున్నాడని పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయంలో ఉంది కదా. అందుకే తీసుకోను. దేవుడు క్షమిస్తాడని నాకూ తెలుసు. పాఠంలా తెలుసు. ట్రే ముందుకు వచ్చేసరికి మాత్రం ఆ చీటీయే కనబడుతుంది.

సీబీఎం పిన్ని | ఆదివారం, రాత్రి 11.05

నాయనా, ఒకే ఒక్క ప్రశ్న. ఈ సంగతి మీ అమ్మగారికి చెప్పారా?

హార్బరు గాలి | ఆదివారం, రాత్రి 11.09

లేదండీ. ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి.

బెరయవాసి | సోమవారం, ఉదయం 6.20

సహోదరా, మీ మనస్సాక్షి ఇంకా బతికే ఉన్నందుకు దేవునికి స్తోత్రం. ఈ రోజుల్లో అది అరుదు. ఎవరిని అడిగినా రోమా 8:1 చదివి "శిక్షావిధి లేదు" అని చేతులు దులిపేసుకుంటున్నారు. ఆ వచనం అక్కడితో ఆగిపోదు. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు తెరిచి చూడండి: శరీరాన్ని అనుసరించక ఆత్మను అనుసరించి నడుచుకొనేవారికి అని షరతు ఉంది. కృపను ఇలా చవక సరుకు చేయవద్దని హిట్లరును ఎదిరించిన జర్మన్ పాస్టరు బోన్‌హాఫర్ 1937లోనే హెచ్చరించాడు. 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. ఆయన నోట ఆ మాట ఊరికే వచ్చింది కాదు.

తండ్రికి అబద్ధం చెప్పడం చిన్న సంగతి కాదు. ఐదవ ఆజ్ఞ, తొమ్మిదవ ఆజ్ఞ రెండూ పోయాయి. మనసు సరిపడే వరకు బల్లకు దూరంగా ఉండటమే మంచిది.

కృపే చాలు | సోమవారం, ఉదయం 7.48

బ్రదర్, ఇంత బరువు ఎందుకు మోస్తున్నారు! అంతా సిలువ మీద ఎప్పుడో అయిపోయింది. పాపం గురించి ఆలోచించడమే అవిశ్వాసం. రోజూ ఉదయం అద్దం ముందు నిలబడి "నేను నీతిమంతుణ్ణి" అని పదిసార్లు గట్టిగా చెప్పండి. నెల రోజుల్లో ఆ చీటీ గుర్తుకే రాదు.

సీబీఎం పిన్ని | సోమవారం, ఉదయం 8.15

ఒకరేమో బల్ల నుంచి లేచి వెళ్ళమంటారు, ఇంకొకరేమో అద్దం చూసుకోమంటారు. ఇద్దరూ ఆ అబ్బాయి రాసింది పూర్తిగా చదివారా? చీటీ గుర్తుకు రాకుండా పోవాలని అతను అడగలేదు. అది తండ్రి చేతి మడత, బాబూ. దాన్ని ఎందుకు మరిచిపోవాలి?

మాస్టారు నిద్ర లేస్తే బాగుండును.

తెలుగు మాస్టారు | సోమవారం, ఉదయం 9.30

లేచానమ్మా. ఎంవీపీ కాలనీలో పాలవాడి కన్నా ముందే లేస్తాను, కళ్ళద్దాలు దొరికేసరికే ఈ వేళ అవుతుంది.

బెరయవాసి గారూ, ముందు మీ షరతు సంగతి. కింగ్ జేమ్స్‌లో మీరన్న మాట ఉన్నది నిజమే. అతి ప్రాచీనమైన గ్రీకు ప్రతులలో మాత్రం ఒకటో వచనంలో ఆ ముక్క లేదు. నాలుగో వచనంలో ఉంది, అక్కడ అది సరిగ్గా కూర్చుంది. నకలు రాసేవారి చేతిలో అది పైకి ఎక్కింది. మన తెలుగు బైబిలులో ఒకటో వచనం ఒక్క వాక్యమే: "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు." చుక్క. పౌలు ముందు తీర్పు చెప్పి, ఆ తరువాత నడకను గురించి మాట్లాడాడు. ఆ వరుసను తిరగేస్తే అది సువార్త కాదు, పరీక్ష ఫలితం అవుతుంది.

ఇక శిక్షావిధి అనే మాట. పౌలు వాడిన గ్రీకు మాట 'కటాక్రిమ'. కొత్త నిబంధన మొత్తంలో మూడే చోట్ల వస్తుంది, మూడూ రోమా పత్రికలోనే: 5:16, 5:18, 8:1. అది కోర్టు మాట, గుండెలో కలిగే బరువుకు పేరు కాదు. న్యాయాధిపతి విధించిన శిక్ష, దాని అమలు. శిక్ష, విధి అని తెలుగు చేసినవారు అద్భుతంగా పట్టుకున్నారు. కాబట్టి హార్బరు గాలి గారూ, మీకు ఇంకా బాధ కలుగుతోంది గనుక ఆ వచనం మీకు వర్తించదు అనుకోకండి. బాధ ఉండదని పౌలు అనలేదు, శిక్ష లేదన్నాడు.

మీరు భయపడుతున్న మొదటి కొరింథీ 11:29 దగ్గర మన అనువాదం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. అక్కడా తెలుగులో శిక్షావిధి అనే ఉంది గాని గ్రీకులో మాట వేరు, 'క్రిమ', అంటే తీర్పు. ఆ తీర్పు ఎందుకో మూడు వచనాల తరువాత పౌలే చెబుతాడు: లోకంతో పాటు మనకు శిక్షావిధి కలగకుండా ఉండాలని ప్రభువు మనల్ని దండించి దిద్దుతున్నాడని. తండ్రి చేతి బెత్తానికీ ఉరితాడుకూ ఉన్నంత తేడా.

అసలు కొరింథులో జరిగింది ఏమిటో ఇరవై ఒకటో వచనం చూడండి. ఉన్నవారు ముందే వచ్చి తిని తాగి మత్తులో ఉండేవారు, లేనివారు ఆకలితో చూస్తూ కూర్చునేవారు. 'అయోగ్యముగా' అన్నది ఆ తినే తీరును గురించి. యోగ్యుడే తినాలని కాదు. అలా అయితే ఆ బల్ల దగ్గర రొట్టె ముట్టుకునేవాడు ఎవడు? తన్ను తాను పరీక్షించుకొని, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్షించుకొని లేచి వెళ్ళిపోవాలని లేదు.

ఈ తెలుగు మాటలకు మన ఊరితో బంధుత్వం ఉంది గనుక ఒక ముక్క చెప్పనివ్వండి. 1805లో లండన్ మిషన్ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ పోయారు. 1812లో బెంగాలులోని శ్రీరాంపురంలో ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి చూసుకోవడానికి ఇద్దరూ లేరు. మనం ఇప్పుడు చదివే మాటలు వారివే అనను, తరువాత చాలా చేతులు పడ్డాయి. పని మొదలైంది మాత్రం ఇక్కడే.

బెరయవాసి | సోమవారం, మధ్యాహ్నం 1.10

మాస్టారూ, ప్రతుల సంగతి ఒప్పుకుంటాను. మరి హెబ్రీ 10:26? బుద్ధిపూర్వకంగా పాపం చేస్తే ఇక బలి ఉండదని ఉంది. ఖాతాలో డబ్బు ఉంచుకుని లేదనడం బుద్ధిపూర్వకం కాదా?

తెలుగు మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2.02

బుద్ధిపూర్వకమే. అయితే ఆ భాగం మూడు వచనాలు ముందుకు చదవండి. దేవుని కుమారుణ్ణి కాళ్ళతో తొక్కి, నిబంధన రక్తాన్ని అపవిత్రంగా ఎంచినవాడి మాట అది. క్రీస్తును తెలిసి వదిలేసి పోయేవాడి సంగతి. మూడేళ్ళుగా ట్రే చూసి వణికేవాడు తొక్కేవాడా? బుద్ధిపూర్వక పాపాలన్నిటికీ ఇది వర్తిస్తే పేతురు ఏమైనట్టు? ఒక్క రాత్రిలో మూడుసార్లు, యేసు ఎవరో తనకు తెలియదని ఒట్టు పెట్టుకుని మరీ అబద్ధమాడాడు.

బోన్‌హాఫర్‌ను తెచ్చారు గనుక మిగతాది కూడా తేవాలి. పాపాన్ని ఒక సహోదరుడి ముందు నోటితో ఒప్పుకోవాలని గట్టిగా రాసినవాడూ ఆయనే. చవక కృపకు ఆయన చెప్పిన విరుగుడు బల్లకు దూరంగా కూర్చోవడం కాదు.

కొండమీద గుడి | సోమవారం, రాత్రి 8.45

నేను కతోలిక్కుణ్ణి, రాస్ హిల్ మాత గుడికి వెళ్ళేవాణ్ణి. మీ సంభాషణలోకి వచ్చినందుకు క్షమించాలి. మా దగ్గర పాపసంకీర్తనం అని ఉంది, గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం, మీకు తెలుసు. ఇలాంటిదే ఒకటి నేను గురువు గారికి ఒకసారి చెప్పాను, పాపవిమోచనం ఇచ్చారు. మళ్ళీ నెల అదే చెప్పాను. మూడో నెల నోరు తెరవగానే ఆపి, "ఇది క్రిందటిసారే అయిపోయింది, ఈ నెల కొత్తవి ఏమైనా ఉన్నాయా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్నాయి మరి. ఆ ఒక్కదాన్నే నెత్తిన పెట్టుకుని తిరగడంలో ఆ నెల నేను మా ఆవిడను ఎన్ని మాటలన్నానో లెక్క పెట్టనే లేదు.

మా పునీతుడు లొయోలా ఇగ్నేషియస్ గారికి 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఇదే రోగం. ఒప్పుకున్న పాపాన్నే మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటూ చివరికి ప్రాణం తీసుకోవాలన్నంత దాకా వెళ్ళారు. లూథరు కూడా మఠంలో ఉన్నప్పుడు ఒక్కోసారి గంటల తరబడి పాపాలు చెప్పుకునేవాడు. ఆ విసుగు, ఆ భయం నుంచే కదా మీ ప్రొటెస్టెంట్ల ఇల్లు వేరుపడింది! కృప వల్లనే నీతిమంతులమని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో మా వాళ్ళూ లూథరన్లూ ఒకే కాగితం మీద సంతకం చేశారు. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. అన్ని తేడాలూ పోలేదు. ఈ ఒక్క సంగతిలో మాత్రం మీ పక్కనే కూర్చోగలను.

అడవివరం నుంచి | మంగళవారం, ఉదయం 7.15

నమస్కారం. మేము సింహాద్రి అప్పన్న భక్తులం. హార్బరు గాలి నాతో పనిచేసే స్నేహితుడు, లింకు అతనే పంపాడు. కోపం తెచ్చుకోనంటే ఒకటి అడుగుతాను.

మా ఇంట్లో చేసిన కర్మ అనుభవించక తప్పదంటారు. మీ దగ్గర దేవుడు మాఫీ చేస్తాడంటున్నారు, బాగుంది. కానీ మోసపోయింది పెద్దాయన. వినలేక కూర్చున్నది పెద్దాయన. ఆయన లేరు. ఆయన తరఫున దేవుడు ఎలా క్షమిస్తాడు? నా బాకీని వేరే ఎవరో కొట్టేస్తే అప్పిచ్చినవాడికి ఏం దక్కింది?

హార్బరు గాలి | మంగళవారం, ఉదయం 7.40

నేను అడగలేకపోయిన ప్రశ్న ఇదే.

కృపే చాలు | మంగళవారం, ఉదయం 8.05

సమాధానం కీర్తన 51లో ఉంది కదా. నీకు, కేవలం నీకే విరోధంగా పాపం చేశాను అని దావీదు దేవునితో అన్నాడు. అంటే అన్ని పాపాలూ దేవునికి వ్యతిరేకమే, ఆయన క్షమిస్తే చాలు.

సీబీఎం పిన్ని | మంగళవారం, ఉదయం 8.30

ఆ మాట నేను చిన్నప్పటి నుంచి కంఠస్థం చెబుతున్నాను బాబూ, చెప్పిన ప్రతిసారీ ఊరియా భార్య గుర్తుకు వస్తుంది. ఆవిడ కోసం ఊరియాను చంపించినవాడే ఈ దావీదు రాజు. "కేవలం నీకే"నా? మొగుడిని పోగొట్టుకున్నది ఆవిడ. దావీదు కీర్తన పాడుకుని లేచి స్నానం చేసుకున్నాడు. ఆ అబ్బాయి అడిగినది తేలిక ప్రశ్న కాదు, ఒక వచనం విసిరి పంపేయకండి.

తెలుగు మాస్టారు | మంగళవారం, ఉదయం 11.20

నాకు తోచినంత వరకే చెబుతాను. అప్పు ఉదాహరణ మంచిది. పౌలు కూడా అదే ఎత్తుకున్నాడు. కొలొస్సయి 2:14లో మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టాడని ఉంది. అక్కడ గ్రీకు మాటకు అర్థం సొంత దస్తూరీతో రాసిచ్చిన అప్పు కాగితం. మన భాషలో ప్రామిసరీ నోటు. బాకీ లేదని పౌలు అనడం లేదు. నోటు ఉంది, చేవ్రాలు మనదే. అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

అయితే పెద్దాయనకు ఏం దక్కింది? మా నమ్మకం ప్రకారం ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు, అక్కడ ఆయనకు లోటు లేదు. కానీ ఇక్కడి నాలుగు నెలలు తిరిగి రావు. కృప ఆ నాలుగు నెలలను వెనక్కి తిప్పుతుందని నేను చెప్పలేను. చెబితే అది అబద్ధం.

కొండమీద గుడి | మంగళవారం, మధ్యాహ్నం 12.15

మా దగ్గరైతే చనిపోయినవారి కోసం పూజ పెట్టించవచ్చు, వారితో ప్రార్థనలో మాట...

బెరయవాసి | మంగళవారం, మధ్యాహ్నం 12.21

వాక్యంలో ఆధారం లేనిది తేవద్దు.

(దీని తరువాత మృతుల కోసం ప్రార్థన గురించి వచ్చిన పదహారు సందేశాలను వేరే చర్చకు మార్చాను. అక్కడ కొట్టుకోండి, ఇక్కడ వద్దు. *నిర్వాహకుడు*)

భీమిలి బోటు | బుధవారం, ఉదయం 4.10

వేటకు వెళ్ళే ముందు రాస్తున్నాను. నాకు గ్రీకు రాదు. ఒకటి తెలుసు. పేతురు చలి కాచుకుంటూ అబద్ధమాడింది బొగ్గుల నిప్పు దగ్గర. ప్రభువు తిరిగి లేచాక ఒడ్డున అతనికి చేపలు కాల్చి పెట్టింది కూడా బొగ్గుల నిప్పు మీదే. వేరే చోటు దొరకక కాదు. ఆ వాసన తగిలితే పేతురుకు ఏం గుర్తుకు వస్తుందో ఆయనకు తెలియదా? ముందు తినమన్నాడు. తిన్నాకే నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు, మూడుసార్లు. తప్పు మాట ఎత్తి చూపలేదు, పని అప్పగించాడు.

మేము కూడా ఒడ్డున చేపలు అలాగే కాలుస్తాము. ఆ వాసన బట్టలకు రెండు రోజులు పోదు.

తెలుగు మాస్టారు | బుధవారం, ఉదయం 9.00

నాయనా, గ్రీకు రాదంటూనే పెద్ద మాట చెప్పావు. ఆ 'బొగ్గుల నిప్పు' అనే గ్రీకు మాట కొత్త నిబంధనలో ఆ రెండు చోట్లే ఉంది. యోహాను 18:18, 21:9. నేను నలభై ఏళ్ళు పాఠం చెప్పి కూడా దాన్ని వాసనగా ఎప్పుడూ ఆలోచించలేదు.

రాత్రి డ్యూటీ నర్సు | బుధవారం, ఉదయం 10.30

ఇప్పుడే డ్యూటీ దిగాను. వాక్యం మీరంతా చెప్పారు, నేను వేరేది అడుగుతాను. అన్నయ్యా, నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? ఈ ఒక్క విషయమేనా, లేక రోజుకు పదిసార్లు ప్రతి చిన్నదానికీ క్షమాపణ ప్రార్థన చేసి, సరిగ్గా చేశానో లేదో అని మళ్ళీ చేస్తున్నారా? బతకడం ఎందుకు అనిపిస్తోందా? ఇలాంటివి ఉంటే అది భక్తి లోపం కాదు, జబ్బు. పాపభయం పేరుతో వచ్చే ఓసీడీ అనే మనోవ్యాధి ఉంటుంది, ఒకే ఆలోచన వదలకుండా తిరుగుతుంది, మందుతో, కౌన్సెలింగుతో తగ్గుతుంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలి మానస్ 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్ళి అక్కడే వదిలేసినవారిని నేను వార్డులో చూశాను గనుక చెబుతున్నాను.

హార్బరు గాలి | బుధవారం, రాత్రి 9.50

చెల్లెమ్మా, నిద్ర బాగానే పడుతుంది, తింటున్నాను. మిగతా రోజుల్లో నవ్వుతూనే ఉంటాను. ఇది ఒక్కటే. నెలకు ఒక్కసారే. అడిగినందుకు చాలా సంతోషం.

ఇంకొకటి. ఆ 23,500 ఎవరికైనా ఇచ్చేస్తే? ఏ అనాథాశ్రమానికో?

సీబీఎం పిన్ని | బుధవారం, రాత్రి 10.10

ఇవ్వు నాయనా, కానీ ఎందుకు ఇస్తున్నావో చూసుకో. బల్లకు టిక్కెట్టు కొనడానికైతే ఇవ్వకు. ప్రభువును చూడాలని చెట్టెక్కిన పన్నుల అధికారి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నది ప్రభువు అతని ఇంట్లో అడుగుపెట్టాక. ఇస్తేనే వస్తానని ప్రభువు చెట్టు కింద బేరం ఆడలేదు.

బెరయవాసి | గురువారం, ఉదయం 6.05

రాత్రంతా ఇదే ఆలోచించాను. సంఖ్యాకాండం 5:7 చూడండి. అన్యాయం చేసినవాడు ముందు ఒప్పుకోవాలి, తరువాత అసలు సొమ్ముకు ఐదవ వంతు కలిపి ఇచ్చుకోవాలి. మీ లెక్కలో 23,500కు 4,700 కలిపితే 28,200. ఆ కింద ఎనిమిదో వచనం నేను చాలాసార్లు చదివి కూడా గమనించలేదు. పుచ్చుకోవడానికి బంధువు కూడా లేకపోతే యాజకుడికి చేరాలని ఉంది. అంటే నష్టపోయినవాడు బతికి ఉండకపోవచ్చు అని ధర్మశాస్త్రానికి ముందే తెలుసు. బంధువు ఉంటే బంధువుకే. అడవివరం మిత్రుడి ప్రశ్నకు ఇది సగం జవాబు అనుకుంటున్నాను.

మీ బంధువు అనాథాశ్రమం కాదు సహోదరా. మీ అమ్మగారు. ఆదివారం పిన్ని గారు అడిగిన ప్రశ్నే సరైనది. బల్లకు దూరంగా ఉండమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సీబీఎం పిన్ని | గురువారం, ఉదయం 6.40

మీతో నాలుగేళ్ళుగా వాదిస్తున్నాను, ఇలాంటి రోజు ఒకటి వస్తుందనుకోలేదు. కాఫీకి ఇంటికి రండి.

కృపే చాలు | గురువారం, ఉదయం 8.00

నాదొక సందేహం. మీకా 7:19లో మన పాపాలను సముద్రపు అగాధాల్లో పడవేస్తాడని ఉంది. పడేసినదాన్ని మళ్ళీ పైకి తీసి అమ్మకు చూపించడం ఎందుకు? ఆవిడకు కొత్త బాధ కాదా?

అడవివరం నుంచి | గురువారం, ఉదయం 8.25

మేమిద్దరం పనిచేసేది హార్బరులో గనుక చెబుతున్నాను. ఇక్కడ అలలు తెచ్చిన ఇసుకను డ్రెడ్జరు తోడుతుంది, దాన్ని తీసుకెళ్ళి ఆర్కే బీచిలో పోస్తారు, సముద్రం మళ్ళీ దాన్ని నడిపిస్తుంది, మళ్ళీ తోడతారు. మావాడు మూడేళ్ళుగా చేస్తున్నది అదే. లోతులో పడలేదు, గట్టున పోస్తున్నాడు. ఒకసారి నోటితో చెప్పేస్తే లోతుకు పోతుందేమో. మీ గ్రంథం నాకు తెలియదు, డ్రెడ్జింగు తెలుసు.

తెలుగు మాస్టారు | గురువారం, ఉదయం 9.15

మీకా ఊరు సముద్రానికి దూరం, అతనికి డ్రెడ్జరు తెలియదు. తెలిస్తే ఇంకో మాట వాడేవాడు.

హార్బరు గాలి | ఆదివారం, రాత్రి 9.30 (నాలుగు వారాల తరువాత)

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. ధైర్యం చిక్కడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఒక రాత్రి భోజనాలయ్యాక అమ్మ చిక్కుడుకాయలు వలుస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. ఖాతాలో 61,000 ఉన్న సంగతి, నవ్విన సంగతి కూడా. చీటీ తెచ్చి ముందు పెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపం వచ్చింది. "ఆ బండి ఇంటికి వచ్చిన రోజు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది ఆయనే కదరా" అంది. నిజమే. చెవుడు గనుక చాలా గట్టిగా చేశారు, వీధి వీధంతా విన్నది. నాకు క్షేమం ఇమ్మని. అది నేను మరిచిపోయాను. మరిచిపోలేదు, పక్కన పెట్టేశాను.

చిక్కుడుకాయల పళ్ళెం అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. నాన్నకు డబ్బు సంగతి తెలుసో లేదో అడిగాను. "నాకేం తెలుసు, ఆయన్నే అడగాల్సింది" అంది.

28,200 తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. లెక్కపెట్టి బీరువాలో పెట్టింది. "ఇది మీ నాన్న డబ్బు" అంది, అంతే.

ఈ రోజు మళ్ళీ బల్ల. ఎప్పుడూ ట్రే నా వైపు నుంచి వెళ్ళేది. ఈసారి అటు చివర నుంచి వచ్చింది, అంటే ముందు అమ్మ దగ్గరికి. అమ్మ తీసుకుని, ట్రేను నా ముందు పట్టుకుని ఉంది. నా వైపు చూడలేదు, అయ్యగారి వైపే చూస్తోంది. నేను పక్కకు అందించడానికి చెయ్యి చాచాను, ఆవిడ వదలలేదు. రొట్టె తీసుకున్నాను. చాలా చిన్న ముక్క, చెమట వేలికి అంటుకుపోయింది. ద్రాక్షరసం తీయగా ఉంది. మూడేళ్ళ కిందట ఇంత తీపి ఉండేది కాదు, కంపెనీ మార్చినట్టున్నారు. గొప్ప అనుభూతి ఏదీ కలగలేదు. చీటీ గుర్తుకు వచ్చింది. వచ్చినా తిన్నాను.

అమ్మ ఇంకా కోపంగానే ఉంది. సాయంత్రం మాత్రం తానే పిలిచి ఒక పని చెప్పింది. మా గుడిలో వెనక బెంచీలో ఒక పెద్దాయన కూర్చుంటారు, పాట ఒక పాదం వెనక పాడతారు. ఆయనను చెవి పరీక్షకు తీసుకెళ్ళమంది. మిషనుకు బీరువాలో డబ్బు ఉందట. నర్సు చెల్లెమ్మా, ముందు ఎక్కడికి వెళ్ళాలి?

రాత్రి డ్యూటీ నర్సు | ఆదివారం, రాత్రి 10.05

అన్నయ్యా, తిన్నగా దుకాణానికి వెళ్ళకండి. వాల్తేరులో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. ముందు డాక్టరుకు చూపించండి. పెద్దవాళ్ళలో చాలామందికి గులిమి అడ్డుపడి ఉంటుంది, అది తీసేస్తే కొంత తేడా కనబడవచ్చు. ఆ తరువాత ఆడియోగ్రామ్ తీయించండి, ఏ చెవికి ఎంత వినబడుతుందో కాగితం మీద వస్తుంది. ఆయన ఆదాయం తక్కువైతే వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రప్రభుత్వ అడిప్ పథకం కింద మిషను ఉచితంగానే రావచ్చు, అడగండి. అప్పుడు అమ్మగారి డబ్బు బ్యాటరీలకు పనికివస్తుంది. చిన్న బ్యాటరీలైతే వారం పది రోజులకే అయిపోతాయి.

ఇంకొకటి. పెట్టించిన కొత్తలో గిన్నెల చప్పుడుకు, ఫ్యాను చప్పుడుకు ఉలిక్కిపడి తీసేస్తామంటారు. తీసి డబ్బాలో పెట్టేస్తే మళ్ళీ పెట్టుకోరు. మొదటి రోజుల్లో ఇంట్లో రోజుకు కొన్ని గంటలే పెట్టించండి, గుడిలో మైకు దగ్గర కూర్చోబెట్టకండి.

హార్బరు గాలి | ఆదివారం, రాత్రి 10.12

గురువారం సెలవు పెడతాను. ఎన్నింటికి వెళ్ళాలి?

రాత్రి డ్యూటీ నర్సు | ఆదివారం, రాత్రి 10.14

తొమ్మిది లోపే వరుసలో ఉండండి. ఆయన ఆధార్ కార్డు తీసుకెళ్ళండి. అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి.